ఎం38ఏ2 ప్రాక్టీస్ బాంబు గుల్ల: పసుపు పెయింట్ కింద అసలు రంగు ఉందా? గుర్తుపట్టడం, బాగుచేయడం గురించి

డాలస్_గ్యారేజ్:

అందరికీ నమస్తే. డాలస్ దగ్గర ఉంటాను, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల సామాన్లు పోగుచేయడం అలవాటు, ఇన్నాళ్ళూ గేజీలు, హెడ్‌సెట్లు, ట్రైనింగ్ మాన్యువల్స్ వరకే ఉండేది. మొన్న మిడ్‌ల్యాండ్ వైపు ఒక ఎస్టేట్ సేల్‌కి వెళ్తే పాత షెడ్డులో మూలన బాంబు గుల్ల ఒకటి కనబడింది, బేరమాడి తెచ్చేశా. మిడ్‌ల్యాండ్ అనగానే ఆశ ఎందుకు పుట్టిందంటే 1942 నుంచి అక్కడి ఆర్మీ ఎయిర్‌ఫీల్డ్‌లో బాంబార్డియర్లని, అంటే విమానంలోంచి గురిచూసి బాంబు వేసేవాళ్ళని తయారుచేశారు, ఏటీ-11 విమానాల్లో నోర్డెన్ బాంబ్‌సైట్ అనే గురిచూసే పరికరం పెట్టుకుని పగలూ రాత్రీ చుట్టుపక్కల రేంజ్‌ల (బాంబులేయడం నేర్పే మైదానాల) మీద ఇసుక బాంబులు వేయించేవాళ్ళు, టార్గెట్ వలయాల నడుమ చెక్కతో కట్టిన గుడిసెలాంటిది ఒకటి ఉండేది, సరిగ్గా దాన్ని కొట్టినవాడు ఆరోజు హీరో.

కొలతలు ఇవీ. పొడవు 47న్నర అంగుళాలు, అడ్డం 8 అంగుళాల మీద కొంచెం. పల్చటి రేకు చుట్టి చేసింది, పొడుగునా అతుకు కనబడుతోంది. ముక్కు గుండ్రం, తోకవైపు సన్నబడి నాలుగు రెక్కలు పెట్టెలా కలిసి ఉన్నాయి. ఇసుక లేదు, ఒక చేత్తో లేపొచ్చు. ఎవరో పైనుంచి కిందిదాకా పసుపు కొట్టి నల్ల అక్షరాలతో 500 అని రాశారు. రెక్కల మధ్యలో ఒక గొట్టం ఉంది, దాన్నిండా కందిరీగలు పెట్టిన మట్టిగూళ్ళు గట్టిపడిపోయి లోపలేముందో కనబడట్లేదు. అమ్మినావిడైతే ఉత్త డబ్బానే అంది.

ఇది ఎం38ఏ2 యేనా? పసుపు తీయడం ఎలా? శనివారం ఆ మట్టి స్క్రూడ్రైవర్‌తో కొంచెం తవ్వి ప్రెషర్ వాషర్ పెడదామని ఉంది, ఎవరైనా ఇంతకుముందు చేసుంటే చెప్పండి.

పాత_ఆర్మరర్:

బాబూ, శనివారం పని ఆపేయండి. ముందు ఇది చదవండి.

ఎయిర్‌ఫోర్స్‌లో ఆర్మమెంట్ ట్రేడ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మీరు చెప్పిన కొలతలకి, ఆ రేకుకి, పెట్టె తోకకి అది ఎం38ఏ2 యే, 100 పౌండ్ల ప్రాక్టీస్ బాంబు. ఫ్యాక్టరీ నుంచి ఖాళీ గుల్లగా వచ్చేది, బరువు 15, 16 పౌండ్లే. ఎయిర్‌ఫీల్డ్‌లో 80 పౌండ్ల పైచిలుకు ఇసుక పోసి తూకం సరిచేసేవాళ్ళు. కానీ ఉత్త ఇసుకైతే ఎక్కడ పడిందో పైనున్నవాడికి ఎలా తెలుస్తుంది? అందుకని తోకలో స్పాటింగ్ ఛార్జ్ పెడతారు, మెరుపూ పొగా వచ్చేది. ఎం1ఏ1 అనే రకంలో 3 పౌండ్ల దాకా బ్లాక్ పౌడర్ ఉంటుంది. అది కూర్చునే చోటే మీరు కందిరీగ మట్టి ఉందంటున్న ఆ గొట్టం.

కాబట్టి 'ఉత్తదే' అనే మాట ఆవిడ చెప్తే చాలదు, నేను చెప్పినా చాలదు, ఫోటో చూసి ఇక్కడ పదిమంది చెప్పినా చాలదు. తవ్వొద్దు, నీళ్ళు కొట్టొద్దు, కదపొద్దు, కారులో పెట్టుకుని ఎవరి దగ్గరికీ తీసుకెళ్ళొద్దు. గ్యారేజ్ తలుపేసి పిల్లల్ని అటు పోనివ్వకండి. పోలీసులకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, వాళ్ళు బాంబ్ స్క్వాడ్‌ని పంపిస్తారు. అది వాళ్ళకి రోజువారీ పనే, మిమ్మల్ని ఏమీ అనరు.

బ్లాక్ పౌడర్ ఎనభై ఏళ్ళకి చచ్చిపోతుందని చాలామంది అనుకుంటారు. 2008 ఫిబ్రవరిలో వర్జీనియాలో సివిల్ వార్ నాటి గుండ్లు శుభ్రం చేసి అమ్మే ఒకాయన తన ఇంటి ముందే ఒక గుండు పేలి చనిపోయాడు. అంతకుముందు ఎన్నో గుండ్లు చేసిన చెయ్యి అది. ఆ గుండు వయసు 140 ఏళ్ళు. ముక్క ఒకటి పావు మైలు దూరంలో ఇంకో ఇంటి మీద పడింది.

బాలానగర్_ఫిట్టర్:

సార్ చెప్పినదాని మీద ఇంకో మాట లేదు అన్నా, ముందు గా పని కానియ్.

నేను రేకు సంగతి చెప్త. గా 500 అంకె ఎవడో షో కోసం రాసిండు. అసలు 500 పౌండ్ల బాంబంటే అడ్డమే 14 అంగుళాలుంటది, పోత పోసినట్టు మందమైన స్టీలు, ఖాళీదైనా ఇద్దరు లేపలేరు. నీది 22 గేజ్ రేకు, మా షాపుల కూలర్ డబ్బా చేసే మందం అంతే. గోరుతోని కొడితే ఠంగుమంటది. గుర్తుపట్టుడు సగం ఇక్కడ్నే అయిపోతది, పెయింట్ చూసుడు తర్వాత, ముందు టేపు, కాటా. పెయింట్ ఎవడన్న మారుస్తడు, గేజ్ మార్చలేడు.

లింకన్‌షైర్_అమ్మాయి:

గేజ్ గురించి ఫిట్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను ఇంగ్లండ్‌లో ఒక చిన్న మ్యూజియంలో వస్తువుల సంరక్షణ పని చేస్తాను, మా దగ్గరికి వచ్చే డొనేషన్లలో సగం లేబుళ్ళు పెయింట్ చూసి రాసినవే, సగం తప్పులే.

ఆ పసుపు ఎందుకు కొట్టారో ఊహించొచ్చు. అమెరికాలో పేలే బాంబులకి 1942 దాకా ఒళ్ళంతా పసుపు రంగే ఉండేది, ఆ తర్వాత ఆలివ్ ఆకుపచ్చ మీద పసుపు పట్టీలకి మారారు. ఎవరో పాత ఫోటో చూసి 'నిజం బాంబు'లా ఉండాలని కొట్టి ఉంటారు. ప్రాక్టీస్ బాంబుకి మాత్రం నీలం, దాని మీద తెల్ల స్టెన్సిల్ అక్షరాలు. ఇప్పటికీ అమెరికావాళ్ళది అదే పద్ధతి, ప్రాక్టీస్‌కి నీలం. ఆ నీలం మీద బ్రౌన్ పట్టీ ఉంటే లోపల కొద్దిగానైనా మందు ఉన్నట్టు. డ్రిల్ కోసం వాడే డమ్మీలకి ఇత్తడి రంగు. అందుకే 'నీలం కదా, ఖాళీదే' అని ఎవరైనా అంటే నమ్మకండి. నీలం అంటే ప్రాక్టీస్ అని మాత్రమే అర్థం.

మీ పసుపు కింద నీలం బతికుండే అవకాశం బాగానే ఉంది. కానీ బాంబ్ స్క్వాడ్ చూసి వెళ్ళేదాకా దూది కూడా తగిలించకండి.

వైజాగ్_బీచ్‌రోడ్:

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ప్రాక్టీస్ బాంబు నిజంగా అంత ప్రమాదమా అండి? ఇసుకే కదా, పొగ వస్తుంది అంతే కదా?

పాత_ఆర్మరర్:

మంచి ప్రశ్న. బోయిస్ సిటీ సంగతి విన్నారా? ఓక్లహోమాలో చిన్న ఊరు. 1943 జులై 5, అర్ధరాత్రి దాటాక, టెక్సాస్‌లోని డాల్‌హార్ట్ నుంచి లేచిన బీ-17 ఒకటి దారితప్పి, ఆ ఊరి కోర్టు చుట్టూ ఉన్న దీపాలని ప్రాక్టీస్ రేంజ్ దీపాలనుకుని ఒకటి తర్వాత ఒకటి ఆరు బాంబులు వేసింది. అన్నీ ఈ 100 పౌండ్ల రకమే. చర్చి పక్కన ఒకటి, ఒక గ్యారేజీలో ఒకటి అలా పడ్డాయి, నేలలో గుంటలు పడ్డాయి. ఊళ్ళో లైట్లు ఆర్పేశాక గానీ ఆగలేదు. ఎవరూ చనిపోలేదు, అది అదృష్టం. 100 పౌండ్ల బరువు ఆకాశం నుంచి పడటం ఒక దెబ్బ, పక్కన 3 పౌండ్ల తుపాకిమందు అంటుకోవడం ఇంకో దెబ్బ. మనిషి చేతిలో అంటుకుంటే ఏమవుతుందో నేను రాయను.

నా సర్వీసులో చూసింది కూడా ఇదే. రేంజ్‌ల దగ్గర ఇనుము ఏరుకునేవాళ్ళు పెద్ద బాంబంటే భయపడతారు, చిన్న ప్రాక్టీస్ బాంబంటే భయపడరు. ప్రాణాలు పోయేది రెండోదానితోనే.

డాలస్_గ్యారేజ్:

అప్‌డేట్. పాత ఆర్మరర్ గారికి చాలా థాంక్స్ సార్. నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి చేసి మొత్తం చెప్పా, ఇద్దరు ఆఫీసర్లు వచ్చి చూసి స్క్వాడ్‌ని పిలిచారు. మమ్మల్నీ పక్కింటివాళ్ళనీ కాసేపు వీధి చివర నిలబెట్టారు. పోర్టబుల్ ఎక్స్‌రే తీశారు. గొట్టంలో ఛార్జ్ లేదు, మట్టిగూళ్ళూ ఒక ఎలుక పెట్టుకున్న గడ్డీ అంతే. మట్టి వాళ్ళే తీసి చూపించారు. వచ్చినాయన చాలా మర్యాదగా మాట్లాడాడు, ఈ టెక్సాస్‌లో పాత రేంజ్‌ల భూముల్లో రైతులకి ఇలాంటివి దొరుకుతూనే ఉంటాయంట, కొన్ని రేంజ్‌లని ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ ఇప్పటికీ శుభ్రం చేయిస్తోందంట. వాళ్ళు జనానికి నేర్పేది మూడే ముక్కలు, గుర్తుపట్టు, వెనక్కి తగ్గు, ఫోన్ చెయ్యి.

రిపోర్ట్ నంబర్ తీసుకున్నా. ఇప్పుడు పెయింట్ సంగతి చెప్పండి.

పాత_ఆర్మరర్:

సంతోషం. ఆ రిపోర్ట్ కాపీ తెప్పించుకుని గుల్లతోపాటే ఉంచండి, రేపు మీరు అమ్మినా, మీ తర్వాత ఇంట్లోవాళ్ళు గ్యారేజ్ ఖాళీ చేసినా ఆ కాగితం ఉంటే వాళ్ళకి భయం ఉండదు, మళ్ళీ వీధి ఖాళీ చేయించే పని ఉండదు. కలెక్టర్లలో చాలామంది ఇది పట్టించుకోరు.

బాలానగర్_ఫిట్టర్:

ఇగ నా పని. నేనైతే సాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి జోరుతోని ఇసుక కొట్టుడు వద్దంట, పల్చటి రేకు, వంకరపోతది, వేడికి అలలు అలలు వస్తది. సోడా బ్లాస్టింగ్ మంచిగుంటది, గదే పని సోడా పొడితోని. మొత్తం తీసేసి ప్రైమర్ కొట్టి కొత్త నీలం, కొత్త స్టెన్సిల్. తుప్పు బొక్కలుంటే లోపల్నుంచి రేకు ముక్క పెట్టి అతికించు, ఫిల్లర్ పెట్టు. ఎనభై ఏళ్ళ కింద ఫ్యాక్టరీల నుంచి ఎట్ల వచ్చిందో అట్ల కనబడాలె. అట్ల చేస్తేనే రెస్టోరేషన్ అంటరు, లేకపోతే పాత డబ్బానే కదా.

లింకన్‌షైర్_అమ్మాయి:

ఫిట్టర్ గారూ, మీ చేతిపని మీద నాకు గౌరవం, కానీ ఇక్కడ ఒప్పుకోలేను. కొత్త నీలం ఎప్పుడైనా కొట్టొచ్చు. పాత నీలం ఒకసారి పోతే ఈ భూమ్మీద ఎవరూ తిరిగి తేలేరు. ఆ స్టెన్సిల్‌లో మోడల్, లాట్ నంబర్ (ఏ విడతలో చేసిందో చెప్పేది), తయారుచేసినవాళ్ళ గుర్తు, నెల, సంవత్సరం ఉండొచ్చు. ఎం38ఏ2 యుద్ధం అయ్యాక కూడా చాలా ఏళ్ళు వాడారు. లాట్ పోతే ఇది 1943దా, 1950ల్లోని కొరియా యుద్ధం నాటిదా అని తేల్చే ఆధారం చేతిలో ఉండదు. గుల్ల గుల్లే అవుతుంది, మిడ్‌ల్యాండ్ కథ ఊహే అవుతుంది.

డాలస్ గారికి నా పద్ధతి చెప్తాను, ఓపిక కావాలి.

ముందు సీసం టెస్ట్. హార్డ్‌వేర్ షాపులో స్వాబ్‌లు దొరుకుతాయి. ఆ కాలం పెయింట్‌లో సీసం ఉందనే అనుకుని పని మొదలుపెట్టండి. పొడిగా ఎమరీ పేపర్ అసలు వద్దు, గ్రైండర్ వద్దు, వైర్ బ్రష్ వద్దు. గ్లవ్స్, సరైన మాస్క్, గాలాడే చోటు, పిల్లల బట్టలు ఆరేసే దగ్గర కాదు.

తర్వాత కనబడని చోట, తోక కింద, రూపాయి బిళ్ళంత జాగా ఎంచుకోండి. ఘాటు తక్కువున్న సాల్వెంట్‌తో (పెయింట్ కరిగించే ద్రవంతో) మొదలుపెట్టండి, మినరల్ స్పిరిట్స్, దానికి లొంగకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. దూది పుల్లని తడిపి దొర్లించండి, రుద్దొద్దు. దూదికి పసుపు మాత్రమే అంటుతుందా, నీలం కూడా వస్తుందా చూస్తూ ఉండండి. నీలం కనబడగానే అక్కడ ఆపేయాలి. అసిటోన్ అందరూ చెప్తారు కానీ అది పైదాన్ని కిందిదాన్ని రెంటినీ తినేస్తుంది, పెద్ద జాగా మీద ఎప్పుడూ వద్దు. ఎనభై ఏళ్ళు గట్టిపడిన ఎనామెల్ సాధారణంగా ఈ మధ్య కొట్టిన స్ప్రే డబ్బా పెయింట్ కంటే ఎక్కువ తట్టుకుంటుంది, మీకు కలిసొచ్చేది అదే.

ఒక అంచు దగ్గర పెయింట్ లేచి ఉంటే భూతద్దంతో పొరలు చూడండి. కింద రేకు, దాని మీద నీలం, మధ్యలో దుమ్ము గీత, పైన పసుపు అలా కనబడితే పసుపు చాలా ఏళ్ళ తర్వాత కొట్టారని తెలుస్తుంది. రెంటి మధ్యా దుమ్ము లేకపోతే ఇంకో కథ.

బాలానగర్_ఫిట్టర్:

అక్కా, స్టెన్సిల్ ఉంటే నేనూ ముట్టను. లేని దాని సంగతి చెప్తున్న. నదిల పడి సగం తుప్పైన గుల్ల ఒకటొచ్చిందనుకో, రంగు రవ్వంత లేదు, దాన్ని అట్లనే ఉంచి ఏం చేస్తం? కండ్ల ముందే పొడైపోతది. దానికి కొత్త రంగు కొట్టి, రెక్క సరిచేసి పెడితె చూసినోళ్ళకి గా కాలంల ఎట్లుండెనో అర్థమైతది. మ్యూజియం లెక్క వేరే, ఇంట్ల పెట్టుకునేటోని లెక్క వేరే.

లింకన్‌షైర్_అమ్మాయి:

ఆ మాటకి ఒప్పుకుంటాను. ఒరిజినల్ ఏమీ మిగలని దానికి మీ పద్ధతే నయం. ఒక్క కోరిక, అలా చేసినప్పుడు లోపలవైపు కొత్త పెయింట్ అని, చేసిన సంవత్సరం రాసి పెట్టండి. రేపు ఎవరూ మోసపోకూడదు.

సియాటిల్_సాగర్‌తీరం:

ఈ చర్చ చూసి నా దగ్గరున్న చిన్నది బయటికి తీశా. 8 అంగుళాల పావు పొడవు, అడ్డం 2 అంగుళాల మీద కొంచెం, చిన్న రెక్కలు, నిలువునా మధ్యలో ఇటు నుంచి అటుదాకా రంధ్రం. ఒక రిటైర్డ్ నేవీ పెద్దాయన ఇచ్చారు, రంధ్రంలోంచి చూస్తే అటువైపు వెలుతురు కనబడుతోంది. మార్క్ 23 అని చెప్పారు. అదేనా?

పాత_ఆర్మరర్:

ఆ సైజులో నేవీవాళ్ళ మినియేచర్ బాంబులు మూడు ఉన్నాయి, పైకి ఒకేలా ఉంటాయి. మార్క్ 5, మార్క్ 23, మార్క్ 43. ఫోటోలో తేడా పట్టలేరు, చేతిలోకి తీసుకుంటే పట్టొచ్చు. మార్క్ 23 క్యాస్ట్ ఐరన్, అంటే బీడు ఇనుము, 3 పౌండ్లు, మాగ్నెట్ పట్టేస్తుంది. మిగతా రెంటికీ మాగ్నెట్ అంటదు. మార్క్ 5 జింక్ మిశ్రమం, 3 పౌండ్లకి కొంచెం తక్కువ. మార్క్ 43 సీసం, అందుకే నాలుగున్నర పౌండ్ల దగ్గర తూగుతుంది.

మూడు లోహాలు ఎందుకంటే కవచం ఉన్న టార్గెట్ బోట్ల మీద మనుషులు లోపల ఉండగానే బాంబులు వేయించేవాళ్ళు. బీడు బాంబు వాటి మీద వేయకూడదు, జింక్ దానికి అనుమతి ఉండేది. ముక్కువైపు షాట్‌గన్ తూటాలాంటి సిగ్నల్ కార్ట్రిడ్జ్ పెట్టేవాళ్ళు, పడ్డచోట తోక రంధ్రంలోంచి పొగ వచ్చేది. మీకు అటువైపు వెలుతురు కనబడుతోందంటే కార్ట్రిడ్జ్ లేదు. ఎవరికైనా కనబడకపోతే మాత్రం పైన డాలస్ గారు చేసిందే చేయాలి, చిన్నది కదా అని సడలింపు లేదు.

సియాటిల్_సాగర్‌తీరం:

మాగ్నెట్ అంటట్లేదు సార్! కిచెన్ కాటా మీద 2 పౌండ్ల 11 ఔన్సులు. అంటే మార్క్ 5 అన్నమాట. దీనికి తెల్లటి పొడిలా పట్టింది, వాషింగ్ సోడా నీళ్ళలో పెట్టి ఎలక్ట్రాలిసిస్ చేస్తే, అంటే కరెంటు పంపి శుభ్రం చేస్తే పోతుందా?

లింకన్‌షైర్_అమ్మాయి:

వద్దు! ఎలక్ట్రాలిసిస్ ఇనుముకి. జింక్‌ని క్షారమూ తింటుంది, ఆమ్లమూ తింటుంది, వెనిగర్ కూడా వద్దు. ఆ తెల్ల పొడిని పొడి మెత్తటి బ్రష్‌తో దులపండి, కింద చిన్న చిన్న పగుళ్ళు సాలెగూడులా కనబడుతున్నాయా చూడండి. ఆ కాలం జింక్ పోతల్లో సీసం లాంటి మలినాలు ఎక్కువుంటే లోపల్నుంచే చిట్లిపోతాయి, దాన్ని ఆపలేం, పొడిగా ఉంచి నిదానింపజేయగలం. పగుళ్ళు లేకపోతే మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అనే మైనం పల్చగా పట్టించండి. రినైసాన్స్ వ్యాక్స్ అనేది బ్రిటిష్ మ్యూజియం కోసం తయారైంది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కడైనా దొరుకుతుంది.

ఇంకోటి, ఓక్ చెక్క షెల్ఫ్‌లో పెట్టకండి. ఓక్ నుంచి ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వస్తుంది, మూసిన గాజు బీరువాలో జింక్‌కీ సీసానికీ అది విషం. మార్క్ 43 ఉన్నవాళ్ళకి ఇంకా ముఖ్యం.

బాలానగర్_ఫిట్టర్:

ఎలక్ట్రాలిసిస్ మాట వచ్చింది కాబట్టి, బీడుది ఉన్నోళ్ళకి చెప్త. వాషింగ్ సోడా నీళ్ళు, బ్యాటరీ ఛార్జర్, ఇంకో దిక్కు పనికిరాని మామూలు ఇనుప ముక్క. స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టొద్దు, నీళ్ళల్ల క్రోమియం విషం దిగుతది. హైడ్రోజన్ వస్తది, బయట ఖుల్లా జాగాల చెయ్యాలె, దగ్గర బీడీ గీడీ వద్దు. పెయింట్ ఉన్నదాన్ని అసలు ముంచొద్దు, మొత్తం ఊడొస్తది. తీసినంక కడిగి, వెంటనే ఆరబెట్టి, టానిక్ ఆసిడ్ పూస్తే నల్లగ నీలంగ తిరిగి తుప్పు ఆగుతది. ఇదంతా ఖాళీదని కాగితమున్న దానికే.

లింకన్‌షైర్_అమ్మాయి:

సముద్రంలోంచి వచ్చినవాటి సంగతి వేరు, దాని గురించి ఒక ముక్క. 1943లో జర్మనీ డ్యాముల మీద బ్రిటిష్ విమానాలు చేసిన డాంబస్టర్స్ దాడికి ముందు, ఇంజనీర్ బార్న్స్ వాలిస్ తయారుచేసిన, నీళ్ళ మీద గెంతుతూ పోయే బాంబుల్ని కెంట్‌లోని రీకల్వర్ తీరంలో పరీక్షించారు, లోపల పేలుడు మందుకి బదులు కాంక్రీట్ లాంటివి నింపి వేశారు. 1997లో ఆర్మీవాళ్ళు అక్కడి బురదలోంచి కొన్నిటిని తీశారు. 2017లో స్కాట్లాండ్‌లోని లోఖ్ స్ట్రైవెన్ అడుగునుంచి అదే కుటుంబానికి చెందిన హైబాల్ అనే బాంబులు రెండు తీశారు, నేవీ డైవర్లు, సబ్ ఆక్వా క్లబ్బువాళ్ళు కలిసి చేసిన పని. ఖాళీవని రికార్డుల్లో ఉన్నా సరే నేవీ వాళ్ళే దగ్గరుండి చూశారు. బయటికి తీశాక పని ఇంకా పెద్దది, ఇనుములో ఉప్పు దిగిపోయి ఉంటుంది, నెలలు నెలలు క్షారపు నీళ్ళలో నానబెట్టి ఉప్పు లాగకపోతే గాలి తగిలిన కొన్నాళ్ళకే పొరలు పొరలుగా ఊడిపోతుంది.

మా లింకన్‌షైర్ తీరంలో కూడా రేంజ్‌లు ఉన్నాయి. వెయిన్‌ఫ్లీట్ మూసేశారు, హోల్‌బీచ్ ఇంకా నడుస్తోంది. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు 11న్నర పౌండ్ల పాత బ్రిటిష్ ప్రాక్టీస్ బాంబులు బయటపడతాయి. వాటిలో పొగ రకంలో టైటానియం టెట్రాక్లోరైడ్ ఉండేది, తేమ తగిలితే ఆమ్లపు పొగ, ఊపిరితిత్తులు కాలిపోతాయి. రాత్రిపూట వాడే ఫ్లాష్ రకం వేరు. ఇసుకలో కనబడితే నేను ఫోటో కూడా దగ్గరకెళ్ళి తీయను. రేంజ్ భూమిలోంచి ఏదైనా తీసుకెళ్ళడం నేరం కూడా. కలెక్షన్‌లో పెట్టుకోవాలంటే పేపర్లున్నవి కొనుక్కోవాలి, ఏరుకోకూడదు. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

కూకట్‌పల్లి_కుర్రోడు:

అన్నలూ అక్కలూ, నేను హైదరాబాద్. ఈబేలో ఇనర్ట్ (మందు లేని) ప్రాక్టీస్ బాంబులు తక్కువ ధరకి కనబడుతున్నాయి, మార్క్ 76 అని నీలంవి. ఇండియాకి తెప్పించుకోవచ్చా? లేదా అమెరికా నుంచి వచ్చే మా బావతో చెకిన్ లగేజీలో తెప్పించనా?

పాత_ఆర్మరర్:

బావగారిని ఇబ్బందిపెట్టకండి. అమెరికా ఎయిర్‌పోర్టుల్లో ఖాళీదైనా, నకలైనా సరే బాంబు ఆకారం ఉన్నది లగేజీలో అనుమతించరు. స్కానర్‌లో ఆకారం కనబడితే టెర్మినల్ ఖాళీ చేయిస్తారు, ఆయన వీసా మీదకి వస్తుంది.

పార్సెల్‌లో కూడా వద్దు. మన దేశంలో కస్టమ్స్‌వాళ్ళు ఇంత కఠినంగా ఉండటానికి కారణం ఉంది. 2004 సెప్టెంబర్ చివర్లో ఘజియాబాద్‌లో ఒక స్టీల్ ఫ్యాక్టరీలో విదేశాల నుంచి వచ్చిన తుక్కులో యుద్ధపు గుండ్లు పేలి పదిమంది పనివాళ్ళు చనిపోయారు. ఆ తర్వాతే తుక్కు దిగుమతికి ముందు తనిఖీ సర్టిఫికెట్లు, ఫలానా పోర్టుల్లోంచే రావాలనే నిబంధనలు వచ్చాయి. పైగా ఇక్కడ ఎక్స్‌ప్లోజివ్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్ 1908 నాటిది, ఆయుధాల చట్టం 1959ది, రెండూ గట్టివే. ఖాళీదని మీరు నిరూపించుకునే లోపల జీవితం తలకిందులవుతుంది.

మీకు ఆసక్తి ఉంటే కాగితం వైపు రండి. మాన్యువల్స్, బాంబార్డియర్ స్కోర్ కార్డులు, ఫోటోలు, స్టెన్సిల్ డ్రాయింగ్‌లు. గుర్తుపట్టే విద్య అంతా అక్కడే ఉంది, దానికి ఇనుము అవసరం లేదు.

వైజాగ్_బీచ్‌రోడ్:

కుర్రోడు గారూ, మా ఊరు రండి. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వేసిన బాంబు ఒకటుంది, పేలనిది. ఆరోజే కాకినాడ మీద కూడా వేశారు, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు. అది ప్రాక్టీస్ కాదు, నిజం బాంబే, కానీ దగ్గర్నుంచి చూస్తే గోడ మందం, తోక అతికిన తీరు అర్థమవుతుంది, పైన ఫిట్టర్ గారు చెప్పిన తేడా కళ్ళతో చూడొచ్చు. మా తాతల తరంలో ఆ వారం ఊరు సగం ఖాళీ అయిపోయిందని చెప్పుకునేవాళ్ళు. మనకి యుద్ధం అంటే ఎక్కడో జరిగింది అనిపిస్తుంది గానీ, గన్నవరం, దొనకొండ ఎయిర్‌ఫీల్డులు కూడా ఆ యుద్ధంలో కట్టినవే.

పాత_ఆర్మరర్:

అవును. అలాంటి పాత ఎయిర్‌ఫీల్డుల చుట్టుపక్కల పొలం దున్నేటప్పుడు ఎవరికైనా తుప్పుపట్టిన గొట్టం, రెక్కలున్నది ఏదైనా తగిలితే 112కి చేయండి. పాత ఇనుము కొట్టుకి వేయకండి, కొట్టువాడు దాన్ని గ్యాస్ కట్టర్‌తో కోస్తాడు.

డాలస్_గ్యారేజ్:

లింకన్‌షైర్ గారూ, మీరు చెప్పినట్టే చేశా. సీసం టెస్ట్ పాజిటివ్, కాబట్టి గ్యారేజ్‌లో ప్లాస్టిక్ పరిచి మాస్క్‌తో పని. మినరల్ స్పిరిట్స్‌కి పసుపు కదల్లేదు, ఆల్కహాల్‌కి మెత్తబడి జిగురులా వచ్చింది. కింద నీలం ఉంది అండి! ముక్కువైపు ఎండకి వెలిసిపోయింది, నడుము దగ్గర మాత్రం బాగుంది. చాలా వారాంతాలు పట్టింది, అరచేయంత జాగాకి ఒక సాయంత్రం. నిన్న తెల్ల అక్షరాలు కనబడటం మొదలైంది. ఎం38ఏ2 స్పష్టంగా ఉంది, కింది వరసలో లాట్ అని ఉంది, తర్వాత అక్షరాలు సగం, నెల దగ్గర తుప్పు మరక, సంవత్సరంలో మొదటి అంకె 4 కనబడుతోంది, పక్క అంకె చెరిగింది.

ఆ తుప్పు మరక తీస్తే ఆ అంకె కనబడుతుందా? తీయొచ్చా?

లింకన్‌షైర్_అమ్మాయి:

ఎంత బాగుందో చెప్పలేను! మొదట్లో 4 ఉంది కదా, ఆ దశాబ్దం తేలిపోయినట్టే, కొరియా యుద్ధం నాటిది అనే అనుమానం పోయింది.

మరక ముట్టొద్దు. తుప్పు పెయింట్‌ని కింద నుంచి లేపి ఉంటుంది, తుప్పుతోపాటు ఆ అంకె మిగిలిన ముక్క కూడా వచ్చేస్తుంది. దానికి బదులు గది చీకటి చేసి టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా కొట్టి ఫోటోలు తీయండి, నాలుగు వైపుల నుంచీ. పెయింట్ పోయినా స్టెన్సిల్ అంచు దగ్గర చిన్న మెట్టు ఉంటుంది, నీడ పడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ తీసేసిన పాత కెమెరా ఎవరి దగ్గరైనా ఉంటే దానితో కూడా తీసి చూడండి, కొన్ని మరకలు దానికి అడ్డురావు.

బాలానగర్_ఫిట్టర్:

అన్నా, నేను మాట మార్చుకున్న. దీనికి కొత్త రంగు కొట్టకు. పసుపు కూడా ఒక దిక్కు కొంచెం ఉండనీ, వెనక దిక్కు, ఏం జరిగిందో చూసినోళ్ళకి తెలుస్తది.

రెక్క ఒకటి వంగిందని ఫోటోల కనబడ్డది, సుత్తెతోని కొట్టకు, పెయింట్ రాలిపోతది. రెండు దిక్కుల చెక్క పట్టీలు పెట్టి, మధ్యల తోలు ముక్క వేసి, క్లాంప్ రోజుకింత బిగించు. స్పాట్ వెల్డ్ దగ్గర చిట్లినట్టు అనిపిస్తే ఆపేయ్, వంకరగా ఉన్నా పర్వాలేదు.

డాలస్_గ్యారేజ్:

పక్క వెలుతురు ఐడియా పనిచేసింది! చెరిగిన అంకె 3 అనే అనిపిస్తోంది, ఒక ఫోటోలో పైన వంపు, కింద వంపు రెండూ కనబడుతున్నాయి, 8 కి ఉండాల్సిన ఎడమవైపు గీత లేదు. ఫోటోలు నాలుగూ పెడుతున్నా, మీరూ చూసి చెప్పండి. పసుపు ఒకవైపు జానెడు వదిలేశా. వెనకాల చిన్న కార్డు మీద ఏ సాల్వెంట్, ఏ జాగా, ఎప్పుడు చేశానో రాసి రిపోర్ట్ కాపీతో కలిపి కవర్లో పెట్టా.

స్టాండ్ ఒక్కటే మిగిలింది. ఓక్ వద్దన్నారు కదా, మరి ఏ చెక్క?

లింకన్‌షైర్_అమ్మాయి:

మూడో ఫోటోలో నాకూ 3 లాగే ఉంది. మిగతావాళ్ళు కూడా చూసి చెప్తే మంచిది, ఒక్కరి కంటిని నమ్మొద్దు.

స్టాండ్‌కి చెక్కే కావాలని లేదు. పౌడర్ కోటింగ్ వేసిన స్టీల్ ఊయల రెండు, ఒకటి ముక్కు తర్వాత, ఒకటి నడుము వెనక, బరువు రెక్కల మీద పడకూడదు. ఆనేచోట ఉన్ని ఫెల్ట్ వద్దు, అది తేమ పట్టి ఉంచుతుంది. తెల్ల పాలిథీన్ ఫోమ్ పెట్టండి. స్టెన్సిల్ ఉన్నవైపు కిటికీ ఎండ తగలకుండా తిప్పండి.

బాలానగర్_ఫిట్టర్:

ఊయల డ్రాయింగ్ నేనిస్త అన్నా. 8 అంగుళాల వంపు అన్నవ్ కదా, తోకవైపు ఎక్కడ సన్నబడుడు షురూ అయితదో ముక్కు కొస నుంచి కొలిచి చెప్పు.